ఎక్సెల్ మాక్రోల్లో రౌండింగ్, అంకెల ఫార్మాట్ చిక్కులు: తరచుగా అడిగే ప్రశ్నలు

బిల్లులు, జీతాల పట్టికలు, స్టాకు లెక్కలు ఎక్సెల్ మాక్రోలతో నడుపుకొనే చిన్న కార్యాలయాల కోసం ఈ పేజీ. మాక్రో రాసిన మనిషి ఉద్యోగం మారిపోతాడు, దాన్ని సరిదిద్దే పని అకౌంట్స్ చూసేవారి నెత్తిన పడుతుంది. అందుకే ప్రోగ్రామింగ్ చదవనివారికి కూడా అర్థమయ్యేలా రాశాం. ఫంక్షన్ల పేర్లు చదువుకోవడానికి వీలుగా తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. ఎడిటర్‌లో మాత్రం వాటిని ఇంగ్లిషు అక్షరాల్లోనే టైపు చేయాలి.

మాక్రోలో రౌండ్ వాడితే 4.50 కాస్తా 4 అవుతోంది. అదే రౌండ్‌ను షీట్‌లో ఫార్ములాగా రాస్తే 5 వస్తోంది. ఏది తప్పు?

రెండూ తమ తమ నియమాల ప్రకారం సరిగ్గానే చేస్తున్నాయి. పేరు ఒకటే కానీ అవి రెండు వేర్వేరు ఫంక్షన్లు.

షీట్‌లోని రౌండ్ మనం బడిలో నేర్చుకున్నదే చేస్తుంది: సరిగ్గా సగం వస్తే పైకి. 2.5 అయితే 3, రుణ సంఖ్య –2.5 అయితే –3. ఎక్సెల్ మాక్రోలు రాసే భాష వీబీఏ; అందులోని రౌండ్ మాత్రం సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గరలో ఉన్న సరి సంఖ్యను ఎంచుకుంటుంది. కాబట్టి 0.5 అయితే 0, 1.5 అయితే 2, 2.5 అయితే మళ్లీ 2, 3.5 అయితే 4. దీన్ని బ్యాంకర్స్ రౌండింగ్ అంటారు. సగాలన్నింటినీ ఎప్పుడూ పైకే నెడితే వేల లెక్కలు కూడినప్పుడు మొత్తం కొద్దికొద్దిగా పెరుగుతూ పోతుంది. సగం సార్లు పైకి, సగం సార్లు కిందికి వెళితే ఆ పెరుగుదల ఉండదు. గణాంకాలకు అది మంచి పద్ధతే. బిల్లుకు కాదు.

ఇందులో అసలు ఇబ్బంది ఏమిటంటే తప్పు అన్నిసార్లూ బయటపడదు. ₹50 సరుకుపై 9 శాతం 4.50, మాక్రో 4 అంటుంది. ₹150 సరుకుపై 9 శాతం 13.50, మాక్రో 14 అంటుంది, అది మనం అనుకున్నదే. పరీక్షించినవారు రెండో బిల్లు చూసి ఉంటే మాక్రో బాగుందనే చెబుతారు.

జీఎస్‌టీ లెక్కకు ఏ పద్ధతి వాడాలి?

ఇక్కడ మన ఇష్టాయిష్టాలకు చోటు లేదు. 2017 నాటి కేంద్ర జీఎస్‌టీ చట్టం 170వ సెక్షన్ ప్రకారం చెల్లించాల్సిన పన్ను, వడ్డీ, జరిమానా వంటి మొత్తాలను దగ్గరి రూపాయికి రౌండ్ చేయాలి. యాభై పైసలు, ఆపైన ఉంటే రూపాయిగా లెక్కించాలి, అంతకు తక్కువైతే వదిలేయాలి. అంటే 4.50 తప్పనిసరిగా 5 కావాలి. వీబీఏ రౌండ్ ఇచ్చే 4 ఈ నియమానికి విరుద్ధం.

ఆ సెక్షన్ మాట్లాడేది చెల్లించాల్సిన మొత్తం గురించి. బిల్లులోని ప్రతి వరుసనూ రూపాయికి రౌండ్ చేయమని దాని అర్థం కాదు. వరుసల్లో రెండు దశాంశాలు ఉంచి, చివర్లో రౌండాఫ్ అని ఒక పంక్తి చూపించే అలవాటు అందుకే వచ్చింది.

అయితే మాక్రోలో రౌండ్ బదులు ఏమి రాయాలి?

ఎక్సెల్‌లోనే పని చేస్తున్నంత వరకు సులువైన మార్గం షీట్ ఫంక్షన్‌ను మాక్రో నుంచి పిలవడం: అప్లికేషన్.వర్క్‌షీట్‌ఫంక్షన్.రౌండ్ అని రాసి, విలువ, దశాంశ స్థానాల సంఖ్య ఇవ్వండి. షీట్‌లో వచ్చే జవాబే మాక్రోలోనూ వస్తుంది. రెండు చోట్లా ఒకే నియమం ఉండటమే పెద్ద లాభం. ఆడిటర్ సెల్‌లో ఫార్ములా వేసి సరిచూసినా తేడా రాదు.

అదే కోడ్ వర్డ్‌లోనో యాక్సెస్‌లోనో నడవాలంటే అక్కడ వర్క్‌షీట్‌ఫంక్షన్ ఉండదు. అప్పుడు సొంత ఫంక్షన్ రాసుకోవాలి. క్రమం ఇది: విలువను సీడెక్‌తో డెసిమల్ అనే డేటా టైపులోకి (సంఖ్యను దాచుకునే తీరులోకి) మార్చండి, 100తో గుణించండి, విలువ గుర్తును బట్టి 0.5 కలపండి లేదా తీసివేయండి, దీనికి ఎస్‌జీఎన్ ఫంక్షన్ పనికొస్తుంది. ఫిక్స్‌తో మిగిలిన దశాంశాలు కోసేయండి. తిరిగి 100తో భాగించండి. సీడెక్ మెట్టు అలంకారానికి పెట్టింది కాదు. 1.005 అని మనం రాసిన సంఖ్య కంప్యూటర్‌లో 1.00499999999999989 దగ్గర నిలిచి ఉంటుంది. సీడెక్ దాన్ని తిరిగి 1.005గా తీసుకుంటుంది కాబట్టే చివరికి 1.01 వస్తుంది.

ఫంక్షన్‌కు రౌండ్ అని మాత్రం పేరు పెట్టకండి. రూపాయి_రౌండ్ వంటి వేరే పేరు పెడితే, తర్వాత కోడ్ చదివేవారికి ఇది మామూలు రౌండ్ కాదని వెంటనే తెలుస్తుంది.

ఒకే మాక్రోలో మెసేజ్ బాక్స్ 5 చూపిస్తోంది, సెల్‌లో 4 పడుతోంది. ఇదెలా సాధ్యం?

మెసేజ్ బాక్స్‌కు ఫార్మాట్ ఫంక్షన్ వాడి ఉంటారు. ఫార్మాట్ సగాన్ని పైకి తీసుకుంటుంది, రౌండ్ సరి సంఖ్యకు తీసుకుంటుంది. ఒకే భాషలో పక్కపక్కనే ఉన్న రెండు ఫంక్షన్లు ఇలా చెరో దారి పట్టడం సబబుగా లేదు కానీ, అది ఇప్పుడు మారేది కాదు. ఒక మాక్రోలో ఒకే రౌండింగ్ ఫంక్షన్ ఉంచి, ఫార్మాట్‌కు అప్పటికే రౌండ్ అయిన విలువను ఇవ్వండి.

సీఇంట్, ఇంట్, ఫిక్స్ మూడూ పూర్ణాంకాన్నే ఇస్తాయి కదా, ఏదైనా వాడవచ్చా?

వాడకూడదు. సీఇంట్, సీలాంగ్ (CLng) కూడా బ్యాంకర్స్ రౌండింగే చేస్తాయి. ఫిక్స్ దశాంశ భాగాన్ని కోసేస్తుంది. ఇంట్ ఎప్పుడూ కిందికి దిగుతుంది. ధన సంఖ్యల్లో ఇంట్, ఫిక్స్ ఒకేలా కనిపిస్తాయి. –2.5 ఇస్తే ఫిక్స్ –2 అంటుంది, ఇంట్ –3 అంటుంది. సరుకు వాపసు బిల్లులు, క్రెడిట్ నోట్లు లెక్కించే మాక్రోల్లో ఇది తరచుగా రూపాయి తేడా తెస్తుంది.

పది రూపాయలకు రౌండ్ చేయాలని రెండో స్థానంలో –1 ఇస్తే మాక్రో ఎర్రర్ 5 చూపి ఆగిపోతోంది.

వీబీఏ రౌండ్ రుణ స్థానాలను ఒప్పుకోదు. షీట్ రౌండ్ ఒప్పుకుంటుంది. వర్క్‌షీట్‌ఫంక్షన్ ద్వారా పిలిచి –1 ఇస్తే పదులకు, –2 ఇస్తే వందలకు రౌండ్ అవుతుంది.

ఈ ప్రశ్న ఎక్కువగా ఆదాయపు పన్ను లెక్కించేవారి నుంచి వస్తుంది. 2026 మార్చి 31 వరకు అమల్లో ఉన్న 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 288ఏ సెక్షన్‌లో నియమం స్పష్టంగా ఉండేది: మొత్తం ఆదాయంలో పైసలను పక్కన పెట్టాలి, ఆ తర్వాత చివరి అంకె అయిదు, ఆపైన ఉంటే పై పదికి, తక్కువైతే కింది పదికి తేవాలి. ఇక్కడ చాలా మాక్రోలు రెండుసార్లు రౌండ్ చేసి దెబ్బతింటాయి. ₹12,344.60 తీసుకోండి. మొదట రూపాయికి రౌండ్ చేస్తే 12,345. దాన్ని పదికి రౌండ్ చేస్తే 12,350. చట్టం చెప్పినట్టు పైసలు వదిలేస్తే 12,344, పదికి తెస్తే 12,340. పది రూపాయల తేడా వచ్చింది. ఒకసారి రౌండ్ చేసిన సంఖ్యను మళ్లీ రౌండ్ చేయకండి. ప్రతిసారీ అసలు విలువ దగ్గరికే వెళ్లండి.

షీట్‌లో 1, 1, 1 అని మూడు సెల్స్ కనిపిస్తున్నాయి. మొత్తం 4 అంటోంది!

ఆ సెల్స్‌లో ఉన్నది 1.4. ఫార్మాట్‌లో దశాంశాలు లేవు కాబట్టి 1గా కనిపిస్తోంది. మూడు 1.4లు కూడితే 4.2, అది 4గా కనిపిస్తోంది. ఎక్సెల్ కూడేది సెల్‌లోని విలువను. నంబర్ ఫార్మాట్ మార్చితే తెరమీది రూపమే మారుతుంది. విలువ చెక్కుచెదరదు.

దశాంశాలు తగ్గించే బటన్ నొక్కుతూ మాక్రో రికార్డ్ చేసినవారు ఇక్కడే చిక్కుకుంటారు. రికార్డర్ రాసేది నంబర్‌ఫార్మాట్ పంక్తి ఒక్కటే. అందులో రౌండింగ్ ఎక్కడా ఉండదు. ముద్రించిన బిల్లును కాలిక్యులేటర్‌తో కూడి చూసే వినియోగదారుడికి తేడా కనిపిస్తుంది. అతనికి ఫార్మాట్ గురించి పాఠం చెప్పలేం కదా.

ఆప్షన్స్‌లో ప్రెసిషన్ యాజ్ డిస్‌ప్లేడ్ పెట్టేస్తే సరిపోదా?

పెట్టవద్దనే మా సలహా. దాన్ని ఆన్ చేయగానే ఆ వర్క్‌బుక్‌లోని సంఖ్యలన్నీ అప్పుడు తెరమీద కనిపిస్తున్న రూపానికి శాశ్వతంగా కుదించుకుపోతాయి. తర్వాత ఆఫ్ చేసినా పోయిన దశాంశాలు తిరిగి రావు. మారక రేట్లు, కిలోకు ధరలు, హాజరు శాతాలు ఉన్న షీట్‌ను ఎవరో అందంగా కనబడాలని రెండు దశాంశాలకు తగ్గించి ఉంటే, ఆ అందమే మీ డేటా అవుతుంది.

ప్రతి వరుసలో రౌండ్ చేయాలా, చివరి మొత్తాన్ని మాత్రమే చేయాలా?

రెండూ చెల్లుతాయి, కానీ రెండింటి ఫలితం ఒకటి కాదు. ₹12.50 చొప్పున నాలుగు వరుసలు ఉన్నాయనుకుందాం, 9 శాతం పన్ను. ఒక్కో వరుసకు 1.125. వరుసకొకసారి పైసలకు రౌండ్ చేస్తే 1.13 చొప్పున నాలుగింటికి 4.52. నాలుగు వరుసలూ కూడి ₹50పై ఒకేసారి లెక్కిస్తే 4.50. రెండు పైసలు ఎక్కడి నుంచి వచ్చాయని వెతుక్కుంటూ సాయంత్రాలు గడిపే అకౌంటెంట్లు ఊరికొకరు ఉంటారు.

సూత్రం ఒక్కటే: కాగితం మీద ముద్రించే ప్రతి సంఖ్యా సెల్‌లో కూడా అలాగే ఉండాలి. బిల్లులో వరుసవారీగా పన్ను ముద్రిస్తే వరుసలోనే రౌండ్ చేయండి, మొత్తాన్ని ఆ రౌండ్ అయిన వరుసలను కూడి తెచ్చుకోండి. వరుసల్లో పన్ను ముద్రించకుంటే చివర్లోనే చేయండి. మీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఏ పద్ధతి పాటిస్తోందో ముందు చూసుకొని మాక్రోను దానికి సరిపెట్టడం తెలివైన పని.

భాగాలు పంచేటప్పుడు మరో చిక్కు ఉంది. ₹100ను ముగ్గురికి పంచితే 33.33 చొప్పున 99.99 అవుతుంది, ఒక పైసా మిగులుతుంది. మొదటి ఇద్దరికీ రౌండ్ చేసి ఇచ్చి, మూడో వ్యక్తికి 100లోంచి మిగిలినది ఇవ్వండి. మూడో వాటాను కూడా భాగహారంతో లెక్కించవద్దు.

డెబిట్, క్రెడిట్ రెండూ సమానంగా కనిపిస్తున్నాయి. కానీ మాక్రోలో ఇఫ్ షరతు కాదంటోంది.

0.1 ను ద్విసంఖ్యా పద్ధతిలో కచ్చితంగా రాయలేం. దశాంశ పద్ధతిలో 1/3 ఎప్పటికీ 0.333… గానే సాగినట్టు, కంప్యూటర్‌కు 0.1 అలాంటిది. డబుల్ అనే డేటా టైపు 64 బిట్లలో దానికి అతి దగ్గరి సంఖ్యను దాచుకుంటుంది. అలాంటివి పది కూడితే 1 రాదు, 0.9999999999999999 వస్తుంది. ఈ పద్ధతిని నిర్ణయించిన ఐఈఈఈ 754 ప్రమాణం 1985 నుంచి ఉంది. దాదాపు అన్ని భాషలూ దీన్నే పాటిస్తాయి, ఎక్సెల్ ఒక్కదాన్ని తిట్టి లాభం లేదు.

ఎక్సెల్ షీట్ కొన్నిచోట్ల పీచులాంటి ఈ చిన్న తేడాను దాచిపెడుతుంది. షీట్‌లో 0.5లోంచి 0.4, 0.1 తీసేస్తే 0 చూపిస్తుంది. అదే లెక్కను బ్రాకెట్లలో పెట్టి 1తో గుణించమంటే –2.78ఈ–17 (సున్నాకు అతి దగ్గరి రుణ సంఖ్య) బయటపడుతుంది. వీబీఏకు ఈ దాపరికం లేదు. అందుకే షీట్‌లో సమానమైనవి మాక్రోలో సమానం కావు.

మందు సులభమే. డబ్బు లెక్కల్లో సమానమా అని అడగకండి; తేడా అర పైసా కంటే తక్కువా అని అడగండి. రెండింటి తేడాకు మైనస్ గుర్తు తీసేసే ఏబీఎస్ పెట్టి, 0.005తో పోల్చండి. ఫర్ లూప్‌లో స్టెప్‌గా 0.1 పెట్టడం కూడా మానేయండి. 0 నుంచి 0.3 వరకు 0.1 చొప్పున వెళ్లమంటే 0.3 దగ్గరికి రాకుండానే లూప్ ఆగిపోతుంది, ఎందుకంటే మూడుసార్లు కూడిన 0.1 అసలు 0.3ను వెంట్రుకవాసి దాటిపోతుంది. 0 నుంచి 3 వరకు పూర్ణాంకాల్లో తిప్పి, లోపల 10తో భాగించండి.

నిల్వ సున్నా కావాలి, –0.00 అని వస్తోంది.

పై జవాబులో చెప్పిన పీచే. అతి చిన్న రుణ సంఖ్య రెండు దశాంశాల్లో అలా కనిపిస్తుంది. నిల్వను సెల్‌లో రాసే ముందు రెండు స్థానాలకు రౌండ్ చేస్తే పోతుంది.

సెల్ విలువ చదవడానికి వేల్యూ, వేల్యూ2, టెక్స్ట్ ఉన్నాయి. ఏది వాడాలి?

లెక్కలకు వేల్యూ2. ఈ ఒక్క అలవాటుతో చాలా తగాదాలు తీరిపోతాయి.

కారణం ఇది. సెల్‌కు కరెన్సీ ఫార్మాట్ ఉంటే వేల్యూ ఆ సంఖ్యను కరెన్సీ అనే డేటా టైపుగా అందిస్తుంది. ఆ టైపుకు నాలుగు దశాంశ స్థానాలే ఉంటాయి. సెల్‌లో డాలరు రేటు 83.123456 అని ఉందనుకోండి, వేల్యూతో చదివితే చేతికి వచ్చేది 83.1235. పది లక్షల డాలర్ల మీద ₹44 తేడా. కోడ్‌లో ఎక్కడా రౌండ్ అన్న మాటే ఉండదు, తప్పు ఎక్కడుందో వెతికేవారికి దొరకదు. వేల్యూ2 ఫార్మాట్‌ను పట్టించుకోకుండా పూర్తి విలువ ఇస్తుంది. తేదీలను కూడా వరుస సంఖ్యగానే ఇస్తుందన్నది గుర్తుంచుకోండి.

టెక్స్ట్ అనేది తెరమీద కనిపించేదాన్ని అక్షరాలుగా ఇస్తుంది. కాలమ్ ఇరుకైతే మీ మాక్రో సంఖ్యకు బదులు #### అని చదువుకుంటుంది. దాన్ని లెక్కలకు వాడవద్దు.

డబ్బుకు ఏ డేటా టైపు మంచిది?

సింగిల్ వద్దు. అది సుమారు ఏడు అంకెల వరకే నమ్మదగినది. సింగిల్‌లో 0.1 పెట్టి సెల్‌లో రాసి చూడండి, 0.100000001490116 కనిపిస్తుంది. ఇంటీజర్ అసలే వద్దు: 32,767 దాటితే ఓవర్‌ఫ్లో ఎర్రర్ 6 వస్తుంది, పైగా దశాంశ విలువ ఇస్తే చెప్పాపెట్టకుండా బ్యాంకర్స్ పద్ధతిలో రౌండ్ చేసుకుంటుంది. కోడ్‌లో 200 ఇంటూ 200 అని రాసినా ఓవర్‌ఫ్లో వస్తుంది; ఫలితం ఎంత పెద్ద వేరియబుల్‌లోకి వెళ్లినా సరే, గుణించే రెండు సంఖ్యలూ ఇంటీజర్లు కావడమే కారణం.

రూపాయలు, పైసలు కూడి తీసివేయడానికి కరెన్సీ చాలా మంచిది. అది లోపల పదివేలతో గుణించిన పూర్ణాంకంగా ఉంటుంది కాబట్టి 0.10 అంటే కచ్చితంగా 0.10. తొమ్మిది వందల లక్షల కోట్ల రూపాయలు దాటిన మొత్తాలను కూడా పట్టుకోగలదు, మన బిల్లులకు అది చాలు. అయితే కరెన్సీని 0.09 వంటి డబుల్‌తో గుణిస్తే ఫలితం డబుల్ అవుతుంది. దాన్ని మళ్లీ కరెన్సీలో వేస్తే నాలుగు స్థానాలకు రౌండ్ అవుతుంది. డెసిమల్ మరింత కచ్చితం, 28 అంకెల దాకా వస్తుంది, కానీ వేరియబుల్‌ను నేరుగా ఆ టైపుగా ప్రకటించలేం. ఏ రకం విలువనైనా పట్టే వేరియంట్ టైపులో సీడెక్ ద్వారా మాత్రమే వస్తుంది.

ఒకే పంక్తిలో రెండు పేర్లు రాసి చివర యాజ్ డబుల్ అని పెడితే రెండోది మాత్రమే డబుల్. మొదటిది వేరియంట్‌గా మిగిలిపోతుంది.

పైసలు విడదీయడానికి మాడ్ 1 వాడాను. ఎప్పుడూ 0 వస్తోంది.

వీబీఏలోని మాడ్ ముందు రెండు సంఖ్యలనూ పూర్ణాంకాలకు రౌండ్ చేసి, ఆ తర్వాత శేషం చూస్తుంది. 12.75 ముందే 13 అయిపోతుంది, ఇక పైసలెక్కడివి? వెనుక గీతతో (\) రాసే పూర్ణాంక భాగహారానిదీ ఇదే తీరు: 7.5ను 2తో భాగిస్తే 3 వస్తుందనుకుంటాం, 4 వస్తుంది. విలువలోంచి ఫిక్స్ తీసేస్తే పైసలు వస్తాయి. వాటినీ రెండు స్థానాలకు రౌండ్ చేసుకోండి.

ఫార్మాట్ ఫంక్షన్‌తో 12.50 అని సెల్‌లో రాస్తే 12.5 కనిపిస్తోంది. టెక్స్ట్ సెల్‌లో రాస్తే మొత్తంలో చేరడం లేదు.

ఫార్మాట్ ఇచ్చేది సంఖ్య కాదు, అక్షరాల వరుస. జనరల్ సెల్‌లో పడితే ఎక్సెల్ దాన్ని మళ్లీ సంఖ్యగా మార్చుకొని చివరి సున్నా వదిలేస్తుంది. టెక్స్ట్ సెల్‌లో పడితే అక్షరాలుగానే ఉండిపోతుంది, సమ్ దాన్ని లెక్కలోకి తీసుకోదు. సంఖ్యను సంఖ్యగానే రాయండి, సెల్ నంబర్‌ఫార్మాట్‌ను 0.00 చేయండి. ఫార్మాట్ ఫంక్షన్‌ను మెసేజ్‌లకు, ఉత్తరాల్లో వాక్యాలకు ఉంచుకోండి.

12,34,567.00 అని లక్షలు, కోట్ల పద్ధతిలో కామాలు రావాలంటే?

రెండు దారులు. మొదటిది విండోస్ ప్రాంతీయ అమరికల్లో భారతదేశపు ఇంగ్లిషును గానీ తెలుగును గానీ ఎంచుకోవడం. అప్పుడు మామూలు #,##0.00 ఫార్మాటే లక్షల పద్ధతిలో కనిపిస్తుంది, రుణ సంఖ్యలకు కూడా. కానీ అది ఆ కంప్యూటర్‌కు మాత్రమే. అదే ఫైలును అమెరికాలో ఉన్న మీ అబ్బాయి తెరిస్తే 1,234,567.00 అని చూస్తాడు.

రెండోది ఫార్మాట్‌లోనే షరతులు రాయడం:

[>=10000000]##\,##\,##\,##0.00;[>=100000]##\,##\,##0.00;##,##0.00

దీన్ని నంబర్‌ఫార్మాట్‌కు ఇస్తే ఫైలు ఎక్కడికి వెళ్లినా కామాలు మనవే. లోపం ఏమిటంటే ఎక్సెల్ రెండు షరతులనే అనుమతిస్తుంది. రుణ సంఖ్యలన్నీ మూడో భాగంలో పడి వేల పద్ధతిలో కనిపిస్తాయి. మాక్రోతో విలువ చూసి, రుణమైతే –10000000, –100000 షరతులతో వేరే ఫార్మాట్ ఇవ్వవచ్చు. మైనస్ గుర్తు ఒకసారే వస్తోందో లేదో ఒక సెల్‌లో ముందు చూసుకోండి. ఇంకో చిన్న లొసుగు: 99,999.996 లక్ష కంటే తక్కువే కనుక మూడో భాగంలో పడి 100,000.00గా కనిపిస్తుంది. ముందే రౌండ్ చేసిన విలువ అయితే ఈ బాధ లేదు.

విలువ మార్చకుండా లక్షల్లో చూపించవచ్చా?

ఫార్మాట్ చివర ఒక కామా పెడితే వేలలో, రెండు పెడితే మిలియన్లలో కనిపిస్తుంది. లక్షకు అలాంటి గుర్తు లేదు. అయినా ఒక ఉపాయం ఉంది: 0\.00, అని రాయండి. కామా సంఖ్యను వేలకు తెస్తుంది, మనం పెట్టిన చుక్క కేవలం ఒక అక్షరంగా రెండంకెల ముందు నిలుస్తుంది. 1,23,456 అప్పుడు 1.23 అని కనిపిస్తుంది. కోట్లకు 0\.0,, రాస్తే 12,34,56,789 కాస్తా 12.3 అవుతుంది. శీర్షికలో లక్షల్లో, కోట్లలో అని రాయడం మాత్రం మరవకండి.

బ్యాంకు స్టేట్‌మెంట్ నుంచి వచ్చిన 1,23,456.00ను వాల్ ఫంక్షన్ 1 అంటోంది.

వాల్ మొదటి కామా దగ్గరే ఆగిపోతుంది. సీడబుల్ (CDbl) కామాలను దాటుకొని 123456 ఇస్తుంది. అది కూడా టైప్ మిస్‌మ్యాచ్ అంటే, అంకెల చుట్టూ కనిపించని ఖాళీ ఒకటి చేరి ఉంటుంది. వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే 160వ అక్షరం అది, ట్రిమ్‌కు లొంగదు. రీప్లేస్‌తో సీహెచ్‌ఆర్‌డబ్ల్యూ 160ని తీసేయండి. మొత్తం పక్కన డెబిట్, క్రెడిట్ సూచించే రెండక్షరాలు ఉంటే వాటిని ముందు విడదీసి గుర్తు నిర్ణయించండి.

ఈజ్‌న్యూమరిక్‌ను గుడ్డిగా నమ్మవద్దు. ఖాళీ సెల్‌ను కూడా అది సంఖ్యే అంటుంది. 1ఈ3 లాంటి సరుకు కోడ్‌ను ఇంగ్లిషు అక్షరంతో ఇస్తే వెయ్యి అనుకుంటుంది.

ఆధార్ నంబర్లు 1.23457ఈ+11 లాగా మారిపోతున్నాయి.

జనరల్ ఫార్మాట్ 11 అంకెల వరకే పూర్తిగా చూపిస్తుంది, ఆధార్‌కు 12. ఇక్కడ పోయింది రూపమే కాబట్టి ఫార్మాట్‌ను 0 చేస్తే అంకెలు తిరిగి వస్తాయి. 16 అంకెల కార్డు నంబర్ల సంగతి వేరు: ఎక్సెల్ 15 అంకెలే దాచుకుంటుంది, పదహారోది సున్నా అయిపోతుంది, మళ్లీ రాదు. ఖాతా సంఖ్యల ముందుండే సున్నాలూ ఇలాగే పోతాయి. కూడికలు, తీసివేతలు చేయని నంబరు ఏదైనా అక్షరాలుగా దాచాలి. సెల్‌లో రాయడానికి ముందే నంబర్‌ఫార్మాట్‌ను @ చేయండి. రాసిన తర్వాత చేస్తే ప్రయోజనం లేదు.

శాతం సెల్‌లో మాక్రో 9 రాస్తే 900% అయింది.

చేత్తో టైపు చేస్తే ఎక్సెల్ 9%గా అర్థం చేసుకుంటుంది. మాక్రోకు ఆ మర్యాద లేదు. 0.09 రాయండి.

మా మాక్రో హైదరాబాద్‌లో బాగుంది. జర్మనీ కార్యాలయంలో 12.50 కాస్తా 1250 అయింది.

జర్మన్ అమరికలో దశాంశానికి కామా, వేలకు చుక్క. సీడబుల్ ఆ కంప్యూటర్ అమరికనే పాటిస్తుంది. వాల్ మాత్రం ఎక్కడైనా చుక్కనే దశాంశంగా తీసుకుంటుంది, కాబట్టి కామాలు తీసేసిన అక్షరాలకు అదే క్షేమం. ఫార్ములాను ముక్కలుగా కలిపి రాసేటప్పుడు కూడా జాగ్రత్త: వేరియబుల్‌లోని 0.09 అక్కడ 0,09గా ఫార్ములాలో చేరి ఎర్రర్ 1004 తెస్తుంది. సంఖ్యను ఎస్‌టీఆర్ ఫంక్షన్‌తో అక్షరాలుగా మార్చండి, అది ఎప్పుడూ చుక్కనే ఇస్తుంది.

గూగుల్ షీట్స్ స్క్రిప్టులో ఈ గొడవలు ఉండవా?

ఉంటాయి, వేషం మారుతుంది. అక్కడి భాష జావాస్క్రిప్ట్. మ్యాథ్.రౌండ్ 2.5ను 3 చేస్తుంది కానీ –2.5ను –2 చేస్తుంది. షీట్‌లోని రౌండ్ –3 అంటుంది. టూఫిక్స్‌డ్ 1.005ను 1.00 చేస్తుంది, పైగా అక్షరాలుగా ఇస్తుంది. మాక్రోను అటు మార్చేవారు రౌండింగ్ ఫంక్షన్‌ను కొత్తగా రాసుకొని మళ్లీ పరీక్షించాలి.

పాత మాక్రోను సరిదిద్దితే ఇప్పటికే ఇచ్చిన బిల్లుల మొత్తాలు మారిపోవా?

మారతాయి, వాటిని మళ్లీ లెక్కించనిస్తే. ముందు పాత నెలల షీట్లను విలువలుగా పేస్ట్ చేసి వేరే ఫైలులో భద్రపరచండి. కొత్త ఫంక్షన్‌ను ఒక తేదీ నుంచి మాత్రమే అమలు చేయండి; నెల మొదటి తేదీ అయితే రిటర్నులు సరిచూడటం సులువు. ఎడిటర్‌లో మొత్తం ప్రాజెక్టును వెతకండి: రౌండ్, సీఇంట్, సీలాంగ్, మాడ్, యాజ్ ఇంటీజర్, యాజ్ సింగిల్, చుక్క తర్వాత వేల్యూ. దొరికిన ప్రతిచోటా 0.5, 1.5, 2.5, –2.5, 1.005 ఇచ్చి చూడండి. పాత, కొత్త పద్ధతుల ఫలితాలను పక్కపక్క కాలమ్‌లలో పెట్టి, తేడా ఉన్న బిల్లుల జాబితా మీ ఆడిటర్‌కు ఇవ్వండి. వాటిని ఏమి చేయాలన్నది ఆయన నిర్ణయం, మాక్రోది కాదు.